రాయలసీమ రంగజ్యోతి – బళ్ళారి రాఘవ

అనంతపురం పీఠభూమి ఆకాశంవంక చూచి బ్రతికే నేల. నైరుతి నుండి వచ్చే మేఘాలను పడమటి కనుమలు అడ్డగిస్తాయి. తూర్పు తీరపు వానలు అంత దూరం చేరేసరికి నీరసిస్తాయి. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లకు అటు ఇటుగా వాన కురిస్తే అది ఆ సీమకు మామూలు సంవత్సరం. పంట చేతికి వచ్చేదాకా రైతుకు నమ్మకం ఉండదు. అయినను ఆ నేల కళలకు గొడ్డుపోయినది కాదు. వాన రాని యేట విరాటపర్వం చదివించినా, ఆడించినా మేఘం కరుగునని అక్కడి పల్లెల విశ్వాసం. ఆ విశ్వాసంతోనే తోలుబొమ్మలవారిని పిలిపించి, ఊరి బయట తెల్లని తెర కట్టించి, తెల్లవార్లూ ఆట ఆడించేవారు.

ఆ ఆటకు ప్రాణం దీపం. మేకతోలును పలుచగా గీకి, ఆరబెట్టి, రంగులు వేసి, నగల చోట చిన్నచిన్న రంధ్రాలు పొడిచి బొమ్మను సిద్ధం చేస్తారు. పూర్వం తెర వెనుక ఆముదపు దీపాలు వెలిగించేవారు. దీపానికి, తెరకు నడుమ బొమ్మ నిలిచినపుడు తోలులోనుండి వెలుగు ప్రసరించి రంగుల నీడ తెరపై పడుతుంది. బొమ్మను తెరకు హత్తిస్తే రేఖలు స్పష్టమవుతాయి. దీపంవైపు జరిపితే నీడ పెరిగి మసకబారుతుంది. రాక్షసుని పెంచుటకు, పసివానిని తగ్గించుటకు ఆ దూరమే సాధనం. ధర్మవరం దాపున ఉన్న నిమ్మలకుంటలో ఈ విద్య నేటికిని జీవించియున్నది. ఆ గ్రామం 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఆముదపు దీపం స్థానంలో విద్యుద్దీపం వచ్చినది గాని సూత్రం మారలేదు. చూపదలచినదాని మీద వెలుగు పడవలె. తక్కినది చీకటిలో ఉండవలె.

రంగస్థలానికి సంబంధించిన ఈ ప్రథమ పాఠాన్ని మనుష్యుల నాటకానికి అన్వయించి, ప్రేక్షకుని చూపును తెరల మీదినుండి, తళుకు నగల మీదినుండి నటుని ముఖం మీదికి, ముఖం మీదినుండి మనస్సులోనికి మళ్ళించిన మహనీయుడు ఆ సీమలోనే పుట్టినాడు. ఆయనే బళ్ళారి రాఘవ.

తాడిపత్రి నుండి బళ్ళారికి

రాఘవ అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2వ తేదీన పెన్నానది ఒడ్డున ఉన్న తాడిపత్రిలో జన్మించినారు. తండ్రి నరసింహాచార్యులు, తల్లి శేషమ్మ. ఆనాటికి అనంతపురం జిల్లా ఇంకను ఏర్పడలేదు. తాడిపత్రి బళ్ళారి జిల్లాలోనిది. 1882లో బళ్ళారి జిల్లాను విభజించి అనంతపురం జిల్లాను ఏర్పరచినారు. 1876–78 నాటి మహాక్షామం ఆ ప్రాంతాలను నుసి చేసి రెండేండ్లే గడచినవి. గంజి కేంద్రాల జ్ఞాపకాలు పెద్దల నోళ్ళలో ఇంకను తడియారని కాలంలో ఆ శిశువు కన్ను తెరిచినాడు.

తాడిపత్రి అల్పమైన ఊరు కాదు. విజయనగర కాలపు శిల్పులు నల్లరాతిని మైనంవలె మలచిన బుగ్గ రామలింగేశ్వరాలయం, చింతల వేంకటరమణాలయం అక్కడివి. ఉదయపు ఏటవాలు ఎండలో ఆ గోడల శిల్పాలు సజీవంగా కనిపిస్తాయి. నడిమింట సూర్యుడు నిలిచినపుడు అవే చదునుగా తోస్తాయి. వెలుగు వచ్చే దిక్కును బట్టి రూపం మారుననుటకు అంతకంటె మంచి నిదర్శనం ఉండబోదు.

తండ్రి బళ్ళారిలో తెలుగు పండితులుగా పనిచేయుటచేత బాలుని చదువు అక్కడ సాగినది. బళ్ళారి ఆనాడు తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ కలిసి వినిపించే పట్టణం. అంతకుమించి తెలుగు నాటకానికి పుట్టినిల్లువంటిది. రాఘవకు మేనమామయైన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) అక్కడ న్యాయవాదిగా ఉండి, సరస వినోదినీ సభను స్థాపించి, స్వయంగా నాటకాలు రచించి, నటించి, ఆంధ్ర నాటక పితామహునిగా కీర్తి గడించినారు. చిత్రనళీయం, విషాద సారంగధర, ప్రహ్లాద ఆయన కృతులలోనివి. సంస్కృత సంప్రదాయం మంగళాంతాన్నే కోరగా, విషాదాంత నాటకాన్ని తెలుగువారికి అలవాటు చేసినది ఆయనే. ఆ సభవారు మద్రాసు వెళ్ళి ప్రదర్శించిన నాటకాలు చూచిన ఉత్సాహంతోనే పమ్మల్ సంబంధ మొదలియారు 1891లో అక్కడ సుగుణ విలాస సభను నెలకొల్పినారు. కరువుసీమ నుండి వెళ్ళిన నాటకబృందం తమిళ నాటకానికి దారిచూపినదన్నమాట.

బళ్ళారిలోనే మరొక న్యాయవాది కోలాచలం శ్రీనివాసరావు (1854–1919) సుమనోరమ సభను నడిపినారు. చారిత్రక నాటకాలు వ్రాయుటలో ఆయన అందెవేసిన చేయి. ఈ ఇరువురి నడుమ, రెండు సభల సందడిలో రాఘవ పెరిగినారు. బాల్యంలోనే ముఖానికి రంగు పూసుకొన్నారు. ఇంటిలో మామ, ఊరిలో గురుతుల్యుడు, ఇరువురూ పగలు న్యాయస్థానంలో వాదించి రాత్రి రంగస్థలంపై నిలిచేవారే. తానును అదే బాట పట్టినారు. మద్రాసులో చదివి, న్యాయశాస్త్రం అభ్యసించి, బళ్ళారికి తిరిగివచ్చి వకీలుగా స్థిరపడినారు. కాలక్రమాన పబ్లిక్ ప్రాసిక్యూటరు పదవిని నిర్వహించినారు.

ఆనాటి రంగస్థల దీపాలు

రాఘవ చేసిన పని విలువ తెలియవలెనంటే ఆనాటి రంగస్థలం ఎట్లుండెనో మొదట తెలిసికొనవలె. వీధినాటకానికి కాగడాలు వెలుగు. పాత్ర ప్రవేశించునపుడు కాగడా మంటపై గుగ్గిలం పొడి చల్లితే భగ్గుమని మంట లేచి వేషం ఒక్క క్షణం మెరిసిపోయేది. తెరల నాటకం వచ్చిన తరువాత కిరసనాయిలు దీపాలు వచ్చినవి. రంగస్థలపు ముందంచున వాటిని వరుసగా నిలిపి, ప్రేక్షకుని కంటికి గుచ్చుకొనకుండ రేకు అడ్డం పెట్టేవారు. వెలుగు క్రిందినుండి పైకి వచ్చుటచేత గడ్డం, ముక్కుపుటాలు వెలిగేవి. రంగస్థలపు వెనుక భాగం చీకటి. కనుక ముఖ్యమైన మాట పలుకవలసిన నటుడు ముందుకు వచ్చి దీపాలవద్ద నిలువవలసినదే.

తరువాత గ్యాసులైటు అని జనం పిలిచే పెట్రోమాక్సు దీపాలు వచ్చినవి. ఆస్ట్రియా దేశపు రసాయనజ్ఞుడు కార్ల్ ఆవర్ 1880ల దశకంలో కనుగొన్న మాంటిలు ఆ దీపానికి గుండె. అది ఒక చిన్న గుడ్డసంచి. లోహలవణాలలో తడిపి ఆరబెట్టిన ఆ సంచిని మొదటిసారి కాల్చినపుడు నూలు బూడిదయై పోయి, లవణాల గూడు మాత్రం మిగులుతుంది. పంపుతో గాలి ఎక్కించగా ఆవిరియైన కిరసనాయిలు మండి, ఆ గూడును తెల్లగా ప్రకాశింపజేస్తుంది. వెలుగు గొప్పదే గాని అది మహా సుకుమారం. కాలిన మాంటిలు చిన్న కుదుపుకు కూడ రాలిపోతుంది. ఎద్దుబండి మీద ఊరూరు తిరిగే నాటక సమాజంవారు ప్రతి చోట క్రొత్త మాంటిలు కట్టవలసినదే. మంట తగ్గితే నాటకం నడుమ దీపం దించి పంపు కొట్టవలె. దాని బుసను మించి నటుని కంఠం వినిపించవలె. పురుగులు మూగితే ఓర్చుకొనవలె.

ఇట్టి వెలుగులో పెరిగిన నటన కూడ దానికి తగినట్టే ఉండేది. ముఖంలోని సూక్ష్మభావం వెనుక వరుసలకు కానరాదు గనుక చేతులు విసరుట, కంఠమెత్తి రాగం తీయుట, అడుగులు చప్పుడగునట్లు వేయుట అలవాటైనవి. ముఖానికి అర్దళం దట్టించి, దుస్తులకు తళుకు రేకులు కుట్టి, వెలుగును వాటిచేత ప్రతిఫలింపజేసేవారు. మరణశయ్యపై ఉన్న రాజు కూడ లేచి పద్యం చదివి, ప్రేక్షకులు మరల కోరితే మరల చదివి, పిదప మరణించిన సందర్భాలు తెలుగు రంగస్థలానికి క్రొత్త కాదు. తప్పు నటులది మాత్రమే కాదు. దీపం, తెర, ప్రేక్షకుని అలవాటు, మూడును కలిసి నటుని ఆ దారికి నెట్టినవి.

న్యాయస్థానం, నాటకశాల

ఆ దారినుండి తొలగిన ధైర్యశాలి రాఘవ. పద్యాన్ని రాగాలాపనకు వినియోగించుట ఆయనకు సమ్మతం కాదు. మాట ముఖ్యం; మాటకు వెనుకనున్న తలపు అంతకంటె ముఖ్యం. నటుడు పాత్రను ప్రదర్శించుట గాక పాత్రయై జీవించవలెనని ఆయన మతం. ఒకే పాత్రను రెండు రాత్రులు అచ్చుగుద్దినట్లు నటించేవారు కారని ప్రతీతి. ఆనాటి మనఃస్థితిని బట్టి, ఎదుటి నటుని బట్టి మాట విరుపు, నడక, మౌనం మారేవి.

న్యాయస్థానంలోని అనుభవం ఇందుకు తోడ్పడియుండును. సాక్షి బోనులో నిలిచిన మనిషి అబద్ధం చెప్పునపుడు కేకలు వేయడు. కన్ను తిప్పుకొంటాడు, గుటక మ్రింగుతాడు, అంగవస్త్రం సవరించుకొంటాడు. నేరస్థునిలో దయ, సజ్జనునిలో కోపం ఎట్లు దాగియుండునో ప్రతిదినం చూచే వకీలుకు రాక్షసుడంటే కేవలం కోరలు కాదని తెలియును. మేనమామ రచించిన ప్రహ్లాదలో రాఘవ ధరించిన హిరణ్యకశిపుడు ఇందుకు నిదర్శనం. అంతవరకు హిరణ్యకశిపుడంటే గద, మీసం, హుంకారం. రాఘవ ఆ పాత్రలో కొడుకును ప్రేమించే తండ్రిని కనుగొన్నారు. శత్రువు నామం జపించే బిడ్డను శిక్షింపవలసి వచ్చిన తండ్రి హృదయం ఎట్లు చీలిపోవునో చూపినారు. ఆ చీలికను గద త్రిప్పి చూపలేము. అది కన్నులలో కనిపించవలె. కన్నులు కనిపించవలెనంటే ప్రేక్షకుడు నగలు చూచుట మానవలె; నటుడు రాగం తీయుట మానవలె; వెలుగు ముఖంపై నిలువవలె.

కోలాచలంవారు విజయనగర పతనాన్ని గురించి వ్రాసిన నాటకంలో పఠాన్ రుస్తుం పాత్ర రాఘవకు మరింత ఖ్యాతి తెచ్చినది. 1565 నాటి యుద్ధంలో నేలగూలిన హంపి బళ్ళారికి దగ్గరలోనే ఉన్నది. ఆ శిథిలాలను చూస్తూ పెరిగిన ప్రేక్షకులకు ఆ కథ పుస్తకాలలోని చరిత్ర కాదు. మతద్వేషాలు రేగునన్న భయంతో ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించినది. అయితే హిందువుల కుటుంబంలో పుట్టిన వైష్ణవ బ్రాహ్మణుడు పఠాను వేషంలో మానవత్వాన్ని చూపి జనాన్ని కదలించుట ద్వేషం పెంచే పని కాదని నాటకాభిమానులు భావించినారు. దుర్యోధనుడు, చాణక్యుడు మున్నగు పాత్రలలో కూడ ఆయన వెదకినది ఒక్కటే: ఆ మనిషి లోపల ఏమి జరుగుచున్నది?

సంచార ప్రదర్శనలు

రాఘవ ఒక ఊరికి కట్టుబడిన నటుడు కాదు. బళ్ళారికి దగ్గరనున్న గుంతకల్లు పెద్ద రైలు కూడలి. అక్కడినుండి గుత్తి, తాడిపత్రి, కడప మీదుగా మద్రాసుకు, మరొక దిక్కున హుబ్బళ్ళికి, బెంగళూరుకు దారులున్నవి. నాటక సమాజం ప్రయాణమంటే తెరల చుట్టలు, కిరీటాల పెట్టెలు, హార్మోనియం, తబలా, వాటితోపాటు గడ్డి పరచిన పెట్టెలో గాజు చిమ్నీలు, దీపాలు. రైలు దిగి బండి కట్టించి ఊరిలో ప్రవేశించిన నాటినుండి దీపాల సంగతి చూచే మనిషికి నిదుర ఉండదు. పందిరి ఎత్తు చూడవలె. గాలి ఏ దిక్కునుండి వీచునో గమనించవలె. దీపం వెనుకకు పెడితే నీడలు తెరపై పడతాయి. ముందుకు పెడితే చూచేవారి కన్నులు మిరుమిట్లు గొంటాయి. వెన్నెలకు నీలపు కాగితం, అగ్నికి ఎఱ్ఱకాగితం చుట్టవలె. అవి వేడికి అంటుకొనకుండ కాచుకొనవలె. కరతాళ ధ్వనులలో వాని పేరు వినబడదు. ఆరిన దీపానికి మాత్రం వాడే జవాబుదారి. సంచార నాటకాల చరిత్రలో ఇట్టి అనామకుల శ్రమను తలచుకొనుట మన ధర్మం.

ఇదే కాలంలో కడప సీమలోని సురభి గ్రామంలో 1885లో మొలకెత్తిన కుటుంబ నాటక సమాజం తెలుగునేల అంతటా తిరుగుచున్నది. తోలుబొమ్మలాటనుండి మనుష్య నాటకానికి వచ్చిన ఆ కుటుంబాలవారు తెరలలోను, దీపాలలోను అద్భుతాలు సాధించినారు. మాయలు, మెరుపులు, ఆకాశగమనాలు వారి ప్రత్యేకత. సురభి వారు వెలుగుతో అద్భుతాన్ని చూపితే, రాఘవ అదే వెలుగులో అతి సామాన్యమైన మనిషిని చూపగోరినారు. తెలుగు రంగస్థలానికి రెండును కావలసినవే.

బెంగళూరు నగరవీధులలో 1905లోనే విద్యుద్దీపాలు వెలిగినవి. శివసముద్రం జలపాతం నుండి వచ్చిన శక్తి అది. ఆ నగరంలోని అమెచ్యూర్ డ్రమాటిక్ అసోసియేషనుతో రాఘవకు గాఢమైన అనుబంధం కలిగినది. 1919లో ఆ సంఘం వారి కళోత్సవానికి బెంగళూరు వచ్చిన రవీంద్రనాథ ఠాకూరు రాఘవ నటనను ప్రశంసించినారు. తెలుగు, కన్నడం, హిందీ, ఆంగ్లం – ఏ భాషలో నటించినను ఆయనకు సభ వశమయ్యేది. బళ్ళారిలో షేక్స్పియర్ నాటకాల అభ్యాసానికై ఒక క్లబ్బును నెలకొల్పినారు. 1927లో గాంధీజీ మైసూరు సంస్థానంలో ఆరోగ్యం కోసం విశ్రమించిన రోజులలో రాఘవ హిందీలో ప్రదర్శించిన దీనబంధు కబీర్ నాటకాన్ని చూచి ఆనందించినారు. నేతపనివాడైన కబీరు కథను నూలు వడకే మహాత్ముడు చూచుటలో ఒక ఔచిత్యమున్నది.

నటన ఆయనకు జీవిక కాదు. వకీలు వృత్తి అన్నం పెట్టినది. నాటకం ఆత్మతృప్తి నిచ్చినది. ఆయన వేసిన నాటకాల రాబడి తరచుగా ధర్మకార్యాలకే వెళ్ళేది. మూడేండ్లకొకసారి ఆకలి చవిచూచే సీమలో పుట్టినవానికి కళను అంగడిలో పెట్టుటకంటె అవసరానికి ఇచ్చుట సహజంగా తోచియుండును.

సీమ దాటిన చూపు

1920ల చివరి యేండ్లలో రాఘవ ఐరోపా పర్యటించినారు. ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ, స్విట్జర్లండు దేశాలు చూచినారు. నాటకకర్త బెర్నార్డ్ షాను కలిసికొన్నారు. భారతీయ నాటకాన్ని గురించి అక్కడివారికి తెలియజెప్పినారు.

ఆ దేశాల నాటకశాలలలో అప్పటికి గొప్ప పరివర్తనం జరిగియున్నది. రాఘవకు ఒక్క యేడు నిండిన 1881లో లండనులోని సవాయ్ థియేటరు విద్యుద్దీపాలతో వెలిగినది. అంతకుముందు అక్కడను కొవ్వువత్తులు, నూనెదీపాలు, బొగ్గువాయువు, సున్నపుముద్దను మంటతో కాచి పుట్టించే తీవ్రమైన వెలుగు వరుసగా వచ్చి పోయినవే. విద్యుత్తు వచ్చిన తరువాత దీపాన్ని ఆర్పకుండగనే తగ్గించుటకు, పెంచుటకు, ఒక్క మనిషి మీదనే నిలుపుటకు మరింత వీలు కలిగినది. స్విట్జర్లండు దేశీయుడు అడాల్ఫ్ అప్పియా (1862–1928) దీనినుండి ఒక సిద్ధాంతమే నిర్మించినాడు. చిత్రించిన తెరపై అన్ని వైపులనుండి సమానంగా వెలుగు పోస్తే నటుడు తెరలో కలిసిపోతాడు. వెలుగును ఒక ప్రక్కనుండి పంపి, నీడను కూడ ఉండనిస్తే నటుని దేహం శిల్పంవలె నిలుస్తుంది. సంగీతంలో స్వరం వలె వెలుగు కూడ భావంతో పెరిగి తరుగవలె. తాడిపత్రి గుడిగోడల మీద ఉదయపు ఎండ చేసే పని ఇదే గదా!

రాఘవ యంత్రసాధనాలు వెంటగొని తిరిగిరాలేదు. తెలుగు పట్టణాలలో పెక్కింటికి అప్పటికి విద్యుత్తే లేదు. కాని పాశ్చాత్యులు దీపాలతో సాధింపజూచిన దానిని ఆయన నటనతో సాధింపజూచినారు. అనవసరమైన కదలికను తగ్గించినారు. కేకను తగ్గించి మాటను నిలిపినారు. చుట్టును నిశ్శబ్దం కల్పించి, ఆ నిశ్శబ్దంలో ఒక్క చూపును వెలిగించినారు. నీడ ఉన్నపుడే వెలుగుకు విలువ. మౌనం ఉన్నపుడే మాటకు విలువ.

స్త్రీ పాత్ర స్త్రీకే

సహజత్వాన్ని కోరినవానికి ఒక ప్రశ్న తప్పదు. పురుషుడు స్త్రీ వేషం వేయుట సహజమా? మసక వెలుతురులో, దట్టమైన రంగు మాటున ఆ వేషం చెల్లినది. స్థానం నరసింహారావు వంటి అసాధారణ నటుడు ఏ వెలుగులోనైనను స్త్రీగా మెప్పించగలిగినారు. కాని అట్టివారు నూటికి ఒక్కరు. పైగా సమకాలపు ఇల్లాలి కథను, ఆమె నోటి మాటలోని బాధను చూపదలచినపుడు పురుషుని వేషం ఎంత చక్కగా ఉన్నను అడ్డుగోడయే అవుతుంది.

సురభి వంటి కుటుంబ సమాజాలలో స్త్రీలు నటించుచునే ఉన్నారు. చదువుకొన్న గృహస్థుల ఇండ్లనుండి మాత్రం స్త్రీ రంగస్థలం ఎక్కుట ఆనాడు ఊహకందనిది. ఎక్కినదంటే ఆమె శీలాన్నే శంకించే లోకం. రాఘవ ఆ లోకాన్ని ఎదిరించినారు. పెద్ద పదవిలో ఉన్న న్యాయవాదికి, పరువు గల కుటుంబీకునికి అది చిన్న సాహసం కాదు. కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని, కాకర్ల కమల మున్నగువారు ఆయన ప్రోత్సాహంతో రంగస్థలంపై నిలిచినారు. నింద ఆయనకు కొంత వచ్చినది. వారికి అంతకంటె ఎక్కువ వచ్చినది. ఆ గౌరవం ఆయనకొక్కనికే ఇచ్చి ఆ స్త్రీల ధైర్యాన్ని మరచుట న్యాయం కాదు. దారి చూపినవాడు ఆయన. ముళ్ళపై నడచినవారు వారు.

ఈ యత్నానికి తగిన నాటకాలు కూడ కావలసివచ్చినవి. తరువాతి కాలంలో మద్రాసు ఉన్నత న్యాయస్థానానికి తొలి భారతీయ ప్రధాన న్యాయమూర్తియైన పి. వి. రాజమన్నారు ఆనాడు యువ న్యాయవాది. ఆయన రచించిన తప్పెవరిది నాటకాన్ని రాఘవ 1930 ప్రాంతంలో ప్రదర్శించినారు. అందులో కిరీటాలు లేవు, గదలు లేవు. ఒక ఇల్లు, అందులోని మనుష్యులు, వారి నడుమ న్యాయాన్యాయాలు మాత్రమే ఉన్నవి. పురాణపురుషుల మీద పడిన వెలుగు మధ్యతరగతి గృహిణి మీద పడుట తెలుగు నాటకానికి పెద్ద మలుపు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడినది. సురభి వనారస గోవిందరావు అందుకు పూనుకొన్నారు. పరిషత్తు నాటకాలు వ్యాపించిన కొలది సాంఘిక నాటకం బలపడినది.

వెండితెర వెలుగు

మాటలాడే చిత్రాలు వచ్చిన తరువాత రాఘవ మూడింటిలో నటించినారు. 1936లో ద్రౌపదీ మానసంరక్షణం, 1939లో రైతుబిడ్డ, 1940లో చండిక. మొదటిదానిలో దుర్యోధనుడు. గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో వచ్చిన రైతుబిడ్డ జమీందారుల అన్యాయాన్ని నిరసించి, వారి ఆగ్రహానికి గురియైనది. కరువుసీమనుండి వచ్చిన నటుడు రైతు కథలో కనిపించుట యోగ్యమే.

వెండితెర రాఘవ కోరిన వరాన్ని ఒక విధంగా ప్రసాదించినది. అక్కడ దీపం ముఖంపైననే నిలుస్తుంది. కెమెరా కన్నులను దగ్గరకు తెస్తుంది. అయినను ఆయన మనస్సు రంగస్థలానికే మరలినది. ప్రేక్షకుడు ఎదుట లేని నటన ఆయన స్వభావానికి చాలినది కాదు. చీకటిలో కూర్చున్న వేయిమంది ఊపిరి బిగపట్టిన క్షణంలో నటునికి కలిగే అనుభవం చిత్రశాలలో దొరకునది కాదు.

ఆరని జ్యోతి

1946 ఏప్రిల్ 16వ తేదీన బళ్ళారిలో రాఘవ కన్నుమూసినారు. మరి పదునారు మాసాలకు దేశం స్వతంత్రమైనది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రం అవతరించినపుడు బళ్ళారి పట్టణం మైసూరు రాష్ట్రంలో చేరినది. రెండు భాషలలోను నటించిన వానిని రెండు రాష్ట్రాలును తమవానిగా భావించుకొనుట ఆయన వ్యక్తిత్వానికి తగియే ఉన్నది. బళ్ళారిలో ఆయన పేర కళామందిరం వెలసినది. 1981లో భారత ప్రభుత్వం ఆయన స్మారకంగా తపాలాబిళ్ళ విడుదల చేసినది.

నటుని కృషికి ఒక దౌర్భాగ్యమున్నది. కవి వ్రాసిన పుస్తకం మిగులుతుంది. శిల్పి చెక్కిన రాయి మిగులుతుంది. నటుని రాత్రి తెల్లవారితే పోతుంది. దీపాన్ని అమర్చినవాని పని అంతకంటెను నశ్వరం. ఆర్పిన మరుక్షణం అది ఉన్న జాడయే ఉండదు. రాఘవ రంగస్థల నటనను చూచినవారు నేడు మిగిలియుండుట అరుదు. కాని నేడు పాఠశాల వార్షికోత్సవంలో ఒక బాలిక జంకు లేక రంగస్థలం మీదికి వచ్చి తన పాత్రను తాను ధరించునపుడు, ఉపాధ్యాయుడు అరవవద్దు, మామూలుగా మాట్లాడుమని బాలునికి బోధించునపుడు, ఆ రాఘవ కృషియే ఫలించుచున్నది. అట్టి విద్యార్థులకు నాటకం నేర్పే ఉపాధ్యాయులు వేషం, తెర, దీపం అమర్చుటకు ముందు ఆయన వేసికొన్న ప్రశ్నను తామును వేసికొనుట మంచిది. ఈ మనిషి లోపల ఏమి జరుగుచున్నది? దానిమీదనే వెలుగు పడవలె.

వానకోసం తెరకట్టి దీపం పెట్టిన సీమ అది. వాన వచ్చినను రాకున్నను ఆ దీపం చుట్టూ కూర్చున్న జనం తమ కష్టం మరచి, ఇతరుల కష్టం చూచి కన్నీరు పెట్టేవారు. ఎండిన నేలలో ఆ తడి ఆరకుండ కాపాడినవారిలో బళ్ళారి రాఘవ అగ్రగణ్యులు.